టైరు ఎక్కడ అరిగిందో చూస్తే రోగం అక్కడే తెలుస్తుంది

గుంటూరు యార్డులో మిర్చి సీజన్ అయిపోవస్తోంది, నున్న మార్కెట్లో మామిడి మొదలైంది, సరిగ్గా ఈ రెండిటి మధ్యలోనే పికప్ బళ్లవాళ్లకి టైర్లు గుర్తొస్తాయి. ఈసారి పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా వాటి మీదే ఉన్నాయి. అందుకని మైలేజీ, ఏసీ ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పెట్టేసి ఈ నెల మొత్తం టైర్లు, అలైన్‌మెంట్ (చక్రాల వాలు, దిశ సరిచేయడం), బండి ఎత్తు పెంచడం గురించే రాస్తున్నా. అలైన్‌మెంట్ అడిగిన వాళ్లలో చాలామంది టైరు ఫోటో పంపలేదు, మళ్లీ రాసేప్పుడు పంపండి, లోపలి అంచు, బయటి అంచు రెండూ కనపడేలా తీయండి, అలైన్‌మెంట్ మెషిన్ ఇచ్చే కాయితం కన్నా నాకు అదే ఎక్కువ చెప్తుంది.

ప్రశ్న: అన్నా నమస్తే, మాది నరసరావుపేట దగ్గర. పికప్ బండి, ముందూ వెనకా కమాన్ పట్టీలే (స్ప్రింగు బదులు ఇనప పట్టీలు). సీజన్లో గుంటూరు యార్డుకి 55 టిక్కీల (మిర్చి బస్తాల) దాకా వేస్తాం. నవంబర్లో వెనక రెండు పట్టీలు ఎక్స్‌ట్రా వేయించా. తర్వాత ముందు కొత్త టైర్లు వేస్తే 9 వేల కిలోమీటర్లకే రెండూ లోపలి అంచు నున్నగా అయిపోయినయ్. రెండుసార్లు కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించా, లాభం లేదు. ఇంకోటి, లోడుతో బాగానే ఉంటది గానీ ఖాళీగా తిరిగొచ్చేప్పుడు స్టీరింగ్ చేతిలో నిలవట్లేదు, ఊగుద్ది. టైర్ల కంపెనీ మార్చమంటున్నారు, మార్చమంటారా?

జవాబు: కంపెనీ మార్చొద్దు తమ్ముడూ, ఏ కంపెనీ టైరు వేసినా ఈ బండి అలాగే తినేస్తుంది. నీ ఉత్తరంలో రెండు రోగాలున్నాయి, రెండూ ఒకటే అనుకుని వైద్యం చేయించుకుంటున్నావు.

ముందు ఖాళీగా ఊగడం సంగతి చూద్దాం. లోడుతో బాగుంటుంది, ఖాళీగా ఊగుతుంది అన్నావు చూడు, దాంట్లోనే జవాబుంది. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది, మన బండి ముందు చక్రాలకీ అలాంటి వాలు ఒకటి ఉంటుంది, దాన్నే కాస్టర్ అంటారు, స్టీరింగ్ తిప్పి వదిలితే మళ్లీ మధ్యకి వచ్చేది, తిన్నగా పోయేది దాని వల్లే. నువ్వు వెనక రెండు పట్టీలు వేయించేసరికి ఖాళీ బండి తోక పైకి లేచింది, ముక్కు కిందికి వాలింది. రెండు ఇరుసుల మధ్య 3 మీటర్ల దూరం ఉందనుకో, తోక రెండంగుళాలు లేస్తే కాస్టర్ దాదాపు ఒక డిగ్రీ పోయినట్టే, అసలు ఉండేదే కొద్ది డిగ్రీలు కాబట్టి ఒక డిగ్రీ పోతే చేతికి తెలిసిపోతుంది. టిక్కీలు ఎక్కగానే తోక కిందికి దిగుతుంది, కాస్టర్ వెనక్కి వస్తుంది, బండి బుద్ధిగా పోతుంది. ఆ రెండు పట్టీల్లో కనీసం ఒకటి తీయించు, ముందు దాంతో మొదలుపెట్టు.

ఇక లోపలి అంచు. ముందు రెండు టైర్లూ లోపలే అరుగుతున్నాయంటే చక్రాలు నడిచేటప్పుడు ముందువైపు బయటికి విచ్చుకుంటున్నాయని అర్థం, టో అవుట్ అంటారు (చక్రాలు ముందువైపు ఎంత విచ్చుకున్నాయో, ఎంత మూసుకున్నాయో చెప్పే లెక్కే టో). మరి మెషిన్ మీద రెండుసార్లు కరెక్ట్ గా వచ్చింది కదా అంటావు. మెషిన్ మీద బండి నిలబడి ఉంటుంది తమ్ముడూ. రోడ్డు మీద నడిచేప్పుడు రోడ్డు ముందు చక్రాలని వెనక్కి తోస్తూ ఉంటుంది, టై రాడ్ ఎండ్ లోనో (స్టీరింగ్ రాడ్డు చివరి కీలు) కింగ్ పిన్ బుష్ లోనో (చక్రం తిరిగే మేకు చుట్టూ ఉండేది) ఆట, అంటే వదులు, ఉంటే ఆ ఆట మేరకి చక్రాలు విచ్చుకుంటాయి. ఆగితే మళ్లీ సర్దుకుంటాయి. బందులు వదులైన తలుపుకి గడియ సరిచేసినట్టుంది నువ్వు చేయించింది.

ఆట ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు, పది నిమిషాల పని. వెనక చక్రాలకి అడ్డం పెట్టి ముందు ఇరుసుకి జాకీ వేసి చక్రం లేపు, కింద స్టాండో గట్టి దుంగో పెట్టాకే చెయ్యి పెట్టు, జాకీని ఒక్కదాన్నే నమ్మొద్దు. గడియారంలో 12, 6 ఉండే చోట రెండు చేతులూ వేసి ఊపు, టక్ టక్ మంటే బేరింగ్ గానీ కింగ్ పిన్ గానీ. ఇంకో మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు, అప్పుడు ఆట పోతే బేరింగ్ ది, ఇంకా ఉంటే కింగ్ పిన్ ది. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపు, అక్కడ ఆట ఉంటే టై రాడ్ ఎండ్ ల మీద చెయ్యి వేసి చూడు, ఏది కదులుతుందో అరచేతికే తెలుస్తుంది. ఏది పోతే అది మార్పించి, అప్పుడు అలైన్‌మెంట్ కి వెళ్లు. ముందు ఇరుసు ఒకే కడ్డీలా ఉండే బండికి మెషిన్ దగ్గర మామూలుగా సరిచేసేది టో ఒక్కటే, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) తేడా చూపిస్తే ఇరుసు వంగిందనో కింగ్ పిన్ పోయిందనో అర్థం, స్క్రూ తిప్పి సరిచేసే సంగతి కాదది.

టో కొంచెం తేడా ఉంటే ఏమవుద్దిలే అనుకుంటారు చాలామంది, కాబట్టి లెక్క చెప్తా. చక్రం ముందు అంచుకీ వెనక అంచుకీ మధ్య 3 మిల్లీమీటర్ల తేడా ఉందనుకో, అంటే రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత మందం. 700 మిల్లీమీటర్ల టైరుకి ఆ తేడా ఉంటే ప్రతి కిలోమీటరుకీ ఆ టైరు నాలుగు మీటర్లకి పైగా అడ్డంగా ఈడ్చుకుంటూ పోతున్నట్టు లెక్క. విజయవాడ నుంచి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లు, వెళ్లేసరికి 150 మీటర్లు అడ్డంగా గీకావన్నమాట, అదీ లోడుతో, ఏప్రిల్ ఎండలో కాలే తారు మీద.

ఇంకో మాట, ఇది కోప్పడి చెప్పట్లేదు, భయమేసి చెప్తున్నా. టిక్కీ 40 నుంచి 45 కిలోలు వేసుకుంటే 55 టిక్కీలంటే 2.2 నుంచి 2.5 టన్నులు. నీ ఆర్‌సీ లో ఎంత రాసుందో తీసి చూడు. పట్టీలు కలిపితే కమాను గట్టిపడుతుందే గానీ బ్రేకులు, బేరింగులు, టైరు మీద రాసిన లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) ఇవేవీ పెరగవు. ఓవర్‌లోడ్ కి చట్టంలో 20 వేలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2 వేలు జరిమానా. అది పక్కన పెట్టు, చాలా పికప్ లకి వెనక ఇరుసు నుంచి ఛాసిస్ మీద ఉన్న ఒక వాల్వ్ కి చిన్న రాడ్డు ఉంటుంది. లోడు ఎక్కి తోక దిగితే ఆ రాడ్డు కదిలి వెనక బ్రేకుకి ప్రెషర్ ఎక్కువ వదుల్తుంది. నువ్వు పట్టీలు వేసి తోక లేపేసరికి టన్నుల కొద్దీ లోడున్నా ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనే అనుకుంటుంది, వెనక బ్రేకు తక్కువ పడుతుంది. నీ బండికి ఆ రాడ్డు ఉంటే పట్టీలు మార్చినప్పుడల్లా దాన్ని సెట్ చేయించాలి. పట్టీలు వేసిన చోట ఈ సంగతి నీకు చెప్పారా? చెప్పి ఉండరు.

ప్రశ్న: సార్, మాది గుంటూరు అరండల్‌పేట. మావారు పోయాక ఆయన పికప్ నేనే చూసుకుంటున్నాను, ఫర్నిచర్ షాపులకి కిరాయికి తిప్పుతాం. డ్రైవర్ మంచివాడే గానీ రెండు నెలలకోసారి అలైన్‌మెంట్ అంటాడు, డబ్బులిస్తాను. నిజంగా అవసరమో కాదో నాకెలా తెలుస్తుంది? నాకు బండి నడపడం రాదు.

జవాబు: అక్కా, నడపడం రాకపోయినా పర్లేదు, చెయ్యి ఉంటే చాలు. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పించండి, ముందు టైరు మొహం మీకు కనపడుతుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా, బయట నుంచి లోపలికి మెల్లగా తడమండి, తర్వాత లోపల నుంచి బయటికి. చేప పొలుసు మీద చెయ్యి పెట్టినట్టు ఒక వైపు నున్నగా పోయి ఇంకో వైపు గీరుకుంటే టో తేడా ఉన్నట్టే, అలైన్‌మెంట్ కావాలి. లోపలికి నున్నగా, బయటికి గరుగ్గా ఉంటే చక్రాలు ముందువైపు లోపలికి మూసుకున్నాయి, దానికి ఉల్టాగా ఉంటే విచ్చుకున్నాయి. రెండు వైపులా ఒకేలా తగిలితే డ్రైవర్ కి అప్పుడే డబ్బులివ్వక్కర్లేదు. తీగలు గానీ బయటికొచ్చి ఉంటే మాత్రం చెయ్యి పెట్టకండి, కోసుకుపోతుంది, అసలు ఆ టైరుతో బండే కదలకూడదు.

చేత్తో కాక కంటితో కూడా కొంత తెలుస్తుంది. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో తిప్పుతున్నాడు. మధ్య అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ అన్నా తప్పి ఉండాలి, ఎక్కడో వదులన్నా ఉండాలి. టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడినట్టు, అప్పడం పొంగినట్టు ఎత్తుపల్లాలుంటే షాక్ అబ్జార్బర్ పోవడమో, బ్యాలెన్సింగ్ లేకపోవడమో, బేరింగ్ వదులో అయ్యుంటుంది, దానికి అలైన్‌మెంట్ చేయిస్తే డబ్బు దండగ. గాడి లోపల చిన్న గట్లు కనిపిస్తాయి, రబ్బరు ఆ గట్లతో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, మార్చేయండి, వానాకాలం దాకా లాగొద్దు.

రెండు నెలలకోసారి అంటున్నాడు కదా, నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో మీటర్ చూసి రాసుకోండి. సుమారు 5 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి చూపించడం మామూలే, పెద్ద గుంతలో పడినా, టై రాడ్ లాంటివి మార్చినా వెంటనే చూపించాలి. బండి బాగా తిరుగుతుంటే అతను అడిగేది న్యాయమే. కానీ డబ్బులిచ్చేప్పుడు ఒక్క మాట చెప్పండి, బాబూ ముందు కాయితం, తర్వాత కాయితం రెండూ తీసుకురా అని. మెషిన్ సరిచేయకముందు ఎంతుంది, సరిచేశాక ఎంతుంది రెండూ ప్రింట్ ఇస్తుంది. ముందు కాయితంలో అంతా ఆకుపచ్చగానే, అంటే హద్దుల్లోనే ఉంటే ఆ రోజు చేసింది ఏమీ లేదు. ఎర్రగా ఉండి తర్వాత పచ్చగా అయితే ఆ డబ్బు మీ టైర్లని కాపాడినట్టు. ఆ కాయితాలు ఒక ఫైల్ లో పెట్టుకోండి, ఏడాదిలో బండి గురించి మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి. నాది వీ-క్రాస్ (ఇసుజు పికప్), ఫోర్ బై ఫోర్. మైలవరం వైపు మామిడి తోట ఉంది, దారి రాళ్లూ గుంతలూ. రెండంగుళాల లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), 265/65 ఆర్18 టైర్లు వేద్దామనుకుంటున్నా, ఇప్పుడున్నవి 255/60 ఆర్18. స్పేసర్ (స్ప్రింగు దగ్గర పెట్టే దిమ్మ) వేస్తే చాలు, అలైన్‌మెంట్ కూడా అక్కర్లేదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. అలైన్‌మెంట్ అక్కర్లేదు అన్నవాళ్ల దగ్గర లిఫ్ట్ చేయించకండి.

ఎందుకో నా అనుభవమే చెప్తా. కొన్నేళ్ల కిందట నా సొంత పికప్ కి ఆటోనగర్ లో ఒకచోట ముందు స్పేసర్లు వేయించా. బండి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, తిన్నగానే పోతోంది కదా అని అలైన్‌మెంట్ వచ్చే వారం చూద్దాంలే అనుకున్నా, ఆ వచ్చే వారం రెండు నెలలైంది. గన్నవరం దాటాక ఒకరోజు పంక్చర్ అయి చక్రం తీస్తే లోపలి అంచున తీగలు మెరుస్తున్నాయి. వేసి 7 వేల కిలోమీటర్లే. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని హనుమాన్ జంక్షన్ దాకా అదే టైర్ల మీద ఎన్నిసార్లు తిరిగానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పట్నుంచి ఎవరు లిఫ్ట్ అన్నా ఇదే చెప్తున్నా.

మీ బండి ముందు భాగం కమాన్ పట్టీలు కాదు, చక్రాన్ని పట్టుకునే రెండు విష్‌బోన్ ఆర్మ్ లు, కాయిల్ స్ప్రింగ్. స్పేసర్ ని స్ప్రింగు పైన పెడతారు, ఆ స్ప్రింగు ఆర్మ్ మీద చక్రం కన్నా లోపలికి కూర్చుని ఉంటుంది కాబట్టి అంగుళం స్పేసర్ కి చక్రం దగ్గర సుమారు రెండంగుళాలు లేస్తుంది. రెండంగుళాల లిఫ్ట్ కావాలని రెండంగుళాల స్పేసర్ అడిగారంటే నాలుగంగుళాలు లేచి కూర్చుంటుంది, ఇది జాగ్రత్త. బండి లేవగానే ఆర్మ్ లు కిందికి వాలతాయి, క్యాంబర్ మారుతుంది, కాస్టర్ తగ్గుతుంది, స్టీరింగ్ రాడ్ల కోణం మారి టో తప్పుతుంది. మూడూ ఒకేసారి. ఫ్యాక్టరీ అడ్జస్ట్‌మెంట్ తో రెండంగుళాల దాకా ఎలాగోలా లాక్కొస్తారు, అది దాటితే పై ఆర్మ్ లే వేరేవి వేయాలి, లేకపోతే పై బాల్ జాయింట్ దాని హద్దు దాకా వంగి కూర్చుంటుంది. ఫోర్ బై ఫోర్ కాబట్టి ముందు యాక్సిల్ సీవీ జాయింట్లు (ముందు చక్రాలకి ఇంజిన్ శక్తి పంపే కీళ్లు) కూడా ఏటవాలుగా తిరుగుతాయి, రబ్బరు బూట్లు మడతల దగ్గర చిరుగుతాయి, గ్రీజు పోయి దుమ్ము చేరితే జాయింట్ పోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి, మీకు కావాల్సింది తోట దారిలో కింద తగలకుండా ఉండడం కదా. వెనక డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్యలో గేర్లు ఉండే ఉబ్బు) ఇరుసుతో పాటే ఉంటుంది, ఎన్ని స్పేసర్లు, పట్టీలు వేసినా అది ఒక్క నూలు కూడా లేవదు, బాడీ మాత్రమే లేస్తుంది. గుండు లేవాలంటే టైరు పెద్దదవ్వాలి. మీ పాత టైరు ఎత్తు 763 మిల్లీమీటర్లు, కొత్తది 802, తేడాలో సగమే ఇరుసు లేస్తుంది, అంటే గుండు కింద మీకొచ్చేది 19 మిల్లీమీటర్లు. వేలెడు మందం. దానికి బదులు మీటరు 5 శాతం తప్పు చూపిస్తుంది, మీటర్లో 80 ఉంటే మీరు 84 మీద ఉంటారు. బండి లాగుడు తగ్గుతుంది, బ్రేకుకి పని ఎక్కువ, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఫెండర్ లైనర్ కి రాసుకోవచ్చు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీ లో ఉన్న వివరాలకీ కంపెనీ స్పెసిఫికేషన్ కీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడేలా సెక్షన్ వచ్చింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు కిట్ ఫోటో తీసి క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు. మన శ్రీసిటీలో తయారయ్యే బండి అది, ఇంజనీర్లు లెక్కలేసి పెట్టిన ఎత్తు అది, దాన్ని ఊరికే పోనివ్వకండి.

నా సలహా అయితే ఎత్తు జోలికి పోకుండా కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెరైన్ టైర్లు, పాతబడితే షాక్ అబ్జార్బర్లు కొత్తవి, కింద స్కిడ్ ప్లేటు (రాళ్లు తగలకుండా కాపాడే రేకు) ఉందో లేదో చూసుకోవడం. మిగిలిన డబ్బుతో తోట దారికి రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించండి, నిజంగా చెప్తున్నా, మీ కూలీల ఆటోకి కూడా పనికొస్తుంది. ఇప్పటికే లిఫ్ట్ చేయించేసిన పాఠకులు ఎవరన్నా ఉంటే మాత్రం అదే రోజు అలైన్‌మెంట్ చేయించండి, స్ప్రింగులు సర్దుకున్నాక 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్యలో మళ్లీ చేయించండి. వెనక పట్టీలు విప్పి ఉంటే యు బోల్టులు (పట్టీలని ఇరుసుకి బిగించేవి) పాతవి తిరిగి వాడనివ్వకండి, కొత్తవి వేసినా కొన్ని వందల కిలోమీటర్లకి మళ్లీ బిగింపు చూపించాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు హోస్ లాగినట్టు ఉందేమో చూడండి. హెడ్‌లైట్లు కిందికి సెట్ చేయించండి, ముందు భాగం లేస్తే మీ లైటు ఎదురుగా వచ్చే స్కూటర్ మనిషి కళ్లల్లో పడుతుంది, వారధి మీద రాత్రిపూట నాకు అది రోజూ అనుభవమే.

ప్రశ్న: నైట్రోజన్ గాలి పెడితే టైరు తక్కువ అరుగుద్దా? (మంగళగిరి)

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. ఏ గాలైనా వారానికోసారి చూసుకుంటే చాలు, ఆ చూడ్డం పొద్దున చల్లగా ఉన్నప్పుడే, డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత. హైవే మీద వంద కిలోమీటర్లు వచ్చి, టైరు కాలుతున్నప్పుడు గాలి ఎక్కువుందని తీసేయకండి, వేడికి పెరిగింది చల్లారితే తగ్గుతుంది, తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది.

ప్రశ్న: ఆగిరిపల్లి నుంచి అన్నా. వెనక టైర్లు బాగున్నయ్, ముందువి సగం అయినయ్. వెనకవి ముందుకి వేయొచ్చా, ముందుకి రీట్రెడ్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించింది) వేయొచ్చా? నూజివీడు కాయ నున్నకి తోలతాం.

జవాబు: నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం అయితే వెనకవి ముందుకి వేయొచ్చు, వేయాలి కూడా, 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి మారుస్తుంటే నాలుగూ కలిసి అరుగుతాయి. ముందు వెనకల గాలి ప్రెషర్ వేరు కాబట్టి మార్చిన వెంటనే గాలి కూడా మార్పించు, ఇది చాలామంది మర్చిపోతారు. ముందుకి రీట్రెడ్ మాత్రం వద్దు తమ్ముడూ, అతికించిన రబ్బరు వెనక ఊడితే బండి ఆపుకోవచ్చు, ముందు ఊడితే స్టీరింగ్ చేతిలో ఉండదు. ముందువి సగం అయినయ్ అన్నావు, సమానంగా సగమా, ఒక పక్కా? ఒక పక్కే అయితే మార్చకముందే పైన నరసరావుపేట తమ్ముడికి చెప్పినట్టు చక్రం లేపి ఊపి చూడు, లేకపోతే ఆ మంచి టైర్లు కూడా రెండు నెలల్లో అలాగే అవుతాయి. స్టెప్నీ కూడా దింపి చూడు, పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం, 2316 అని ఉంటే అది 2016 లో 23వ వారం టైరు, గాడి నిండుగా ఉన్నా రబ్బరు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. కాయ లోడు కిందికి అది ఎక్కించొద్దు.